రుచి చూడకుండా నేర్చుకున్న వంట

ఆడపిల్లకు వంట రావాలని మా ఇంట్లో అందరూ అనేవాళ్ళు. వంట నేర్చుకుంటానని నేను చెప్పిన రోజు మాత్రం ఆ ఇంట్లోనే ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

మాది చిత్తూరు. బజారువీధిలో మా నాయనకు సరుకుల అంగడి ఉంది. కందిపప్పు, చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు, ధనియాలు. ఊళ్ళో చాలా హోటళ్ళకు సరుకు మా అంగడి నుంచే పోతుంది. మేం శాకాహారులం. మాంసం సంగతి అలా ఉంచి, గుడ్డు కూడా మా గడప దాటి లోపలికి రాదు. అంగట్లో ఎవరైనా గుడ్లు అడిగితే నాయన మొహం తిప్పుకుని "పక్కంగట్లో అడుగప్పా" అనేవాడు. పక్కంగడి వాడికి మా నాయన వల్ల జరిగినంత వ్యాపారం ఇంకెవరి వల్లా జరిగి ఉండదు.

బీకాం అయ్యాక ఒక ఏడాది ఇంట్లోనే ఉన్నాను. ఆ ఏడాదిలో మూడు సంబంధాలు వచ్చాయి. మూడుసార్లూ కాఫీ తాగాక మొదటి ప్రశ్న ఒకటే, పిల్లకు వంట వచ్చునా అని. మూడుసార్లూ మా అమ్మ "అన్నీ సేస్తాది" అని చెప్పింది. నిజానికి నాకు పాలు కాచడం వచ్చు, అదీ పక్కనే నిలబడి కళ్ళార్పకుండా చూస్తుంటే. మా వంటిల్లు అవ్వ సొంతం. అమ్మకే అందులో పాతికేళ్ళయినా పూర్తిగా చోటు దొరకలేదు, ఇక నాకెక్కడిది?

మధ్యాహ్నాలు అంగట్లో కూర్చునేదాన్ని. అప్పుడే హోటళ్ళ వంటమాస్టర్లు సరుకు కోసం వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒక పెద్దాయన ఉండేవాడు. మిరపకాయను రెండుగా విరిచి వాసన చూసి, "ఇది చట్నీకి పనికొస్తాది, సాంబారుకు రాదు" అని పక్కన పెట్టేవాడు. ముప్పై ఏళ్ళుగా మిరపకాయలు అమ్ముతున్న మా నాయనకు ఆ సంగతి తెలియదు. ఆ మనిషికి మాకు తెలియనిదేదో తెలుసని నాకు అనిపించేది. అది నాకూ తెలియాలనిపించింది. నా కోరికకు మూలం అంతే. తర్వాత ఇంటర్వ్యూలలో ఎవరైనా అడిగితే ఇంతకంటే గొప్ప కారణం చెప్పేదాన్ని.

ఒక రాత్రి భోజనాల దగ్గర చెప్పాను.

"తిరుపతిలో వంట కాలేజీ ఉండాది నాయనా. ఏడాదిన్నర కోర్సు. చేరతాను."

నాయన కలుపుతున్న ముద్ద అలాగే వదిలేశాడు. "వంటకు కాలేజీ ఎందుకు? మీ అవ్వ ఉండాది కదా ఇంట్లో."

"ఇంట్లో వండేదానికి కాదు. హోటల్లో పని సేసేదానికి."

అవ్వ వంటింట్లోంచి వచ్చింది. "పరాయోళ్ళకు వండిపెడతావా?"

"పెళ్ళి సేసుకుంటే వండిపెట్టేది గూడా పరాయోళ్ళకే కదవ్వా."

అమ్మ నా కాలు తొక్కింది. నాయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.

వారం రోజులు నాయన నాతో సరుకుల గురించి తప్ప మాట్లాడలేదు. ఎనిమిదో రోజు కాలేజీ వాళ్ళ కరపత్రం ఆయన చేతికి దొరికింది. దాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని అంగట్లో కూర్చుని రెండు పక్కలా చదివాడు. సాయంత్రం ఇంటికి రాగానే, "ఇందులో మేనేజ్‌మెంట్ అని ఉండాది కదే! ముందే సెప్పొచ్చు కదా" అన్నాడు. కరపత్రంలో ఆ మాట చివరి పంక్తిలో చిన్న అక్షరాల్లో ఉంది. నా చదువు మొత్తం ఆ చిన్న అక్షరాల మీద నిలబడింది.

కాలేజీ తిరుపతిలో, రేణిగుంటకు పోయే రోడ్డులో ఉండేది. కింద టైర్ల దుకాణం, పైన రెండంతస్తులు మావి. బోర్డు మీద 'ఇంటర్నేషనల్' అన్న మాట కాలేజీ పేరుకంటే పెద్దగా ఉండేది. మెట్లెక్కుతుంటే కొత్త రబ్బరు వాసన, పైకి చేరేసరికి వెన్న వాసన. ఈ రెండూ కలిసే చోట మాకు హాజరు వేసేవాళ్ళు.

మాకు పాఠం చెప్పే చెఫ్ ఇరవై ఏళ్ళు ఓడల్లో పని చేసి వచ్చినవాడు. మా జిల్లా మనిషే. ఎన్ని సముద్రాలు దాటినా ఆయన మాట మాత్రం మారలేదు. మొదటి రోజు మమ్మల్ని వరసగా నిలబెట్టి, "మీలో ఇంట్లో వంట సేసేవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు. నేను తప్ప ఇరవై ముగ్గురూ ఎత్తారు.

"మీరందరూ మీకొచ్చింది మర్సిపోవాల. దానికే ఆర్నెల్లు పడతాది. ఈ పాపకు మాత్రం ఆ బాధ లేదు."

నా జీవితంలో నాకు వంట రాకపోవడాన్ని ఒకరు మెచ్చుకోవడం అదే మొదలు.

మూడు వారాలు ఉల్లిపాయలు కోశాం. రోజూ సాయంత్రం నాయన ఫోన్ చేసేవాడు.

"ఈ పొద్దు ఏం నేర్పినారు?"

"ఎర్రగడ్డలు కొయ్యను నేర్పినారు."

మర్నాడు మళ్ళీ ఫోన్.

"ఈ పొద్దు?"

"ఎర్రగడ్డలే."

"నిన్న గూడా అదే కదా?"

"నిన్న నిలువుగా నాయనా. ఈ పొద్దు సన్నంగా."

"మన అంగట్లో మూటలు మూటలుండాయి. ఈడే కోసుకోనుంటే సరిపోయుండునే" అని పెట్టేశాడు.

తెల్లకోటు వచ్చిన రోజు ఫోటో తీసి ఇంటికి పంపించాను. నాయన దాన్ని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పెట్టేముందు పైనున్న పొడుగు టోపీని కత్తిరించేశాడు. దాంతో అందులో మిగిలింది తెల్లకోటు వేసుకుని నవ్వుతున్న అమ్మాయి. పలమనేరులో ఉండే ఒక మామ వెంటనే "డాక్టరమ్మకు శుభాకాంక్షలు" అని రాశాడు. దాని కింద వరసగా దండాలు, పూలు, దీపాలు. నాయన ఎవరినీ సరిదిద్దలేదు, అందరికీ ఒక నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. నెల తిరక్కముందే ఒక అత్త నాకు ఫోన్ చేసి మోకాలి నొప్పికి ఏం వాడాలని అడిగింది. నేను వంట కాలేజీలో ఉన్నానని చెప్పాను. "అట్లనా, అయితే ఏం తింటే తగ్గుతాదో సెప్పు" అంది. ఆమె ఏమాత్రం తగ్గలేదు.

అయిదో వారం గుడ్లు వచ్చాయి.

ఒక్కొక్కరి ముందు ఆరేసి గుడ్లు పెట్టారు. నేను గుడ్డును చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారి. అంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు. పగలగొట్టమంటే అది నా వేళ్ళ మధ్యే నలిగిపోయింది. పక్క బల్ల దగ్గరున్నామె నవ్వకుండా ఇంకో గుడ్డు తీసుకుని, "గిన్నె అంచుకు తట్టు మే, పిడికిలితో కాదు" అని చూపించింది.

ఆమె పలమనేరు దగ్గర పల్లె నుంచి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. మా తరగతిలో అందరికంటే పెద్దది కాబట్టి అందరికీ అక్క. ఇంట్లో ఆవులు, పొలం, అత్త, మొగుడు. ఆవులను అత్తకు అప్పజెప్పి వచ్చింది. "పొద్దున లేస్తే పాలు డెయిరీకి పొయ్యడమే మే. నా పాలను ఎవురో తీసుకోనిపోయి ఏందేందో సేసి అమ్ముకుంటాండారు. అదేదో నేనే సేస్తే ఏం?" అనేది. బెంగళూరు రోడ్డు మీద ఒక బేకరీ పెట్టాలన్నది ఆమె ఆలోచన. పదో తరగతి వరకు తెలుగులో చదివింది. కాలేజీలో పాఠాలన్నీ ఇంగ్లిష్‌లో, వంటల పేర్లేమో ఫ్రెంచిలో. ఎక్కడ ఏమున్నదో తెలియక బిక్కమొహం వేసుకుని కూర్చునేది.

సాస్‌లన్నిటికీ మూలమైనవి అయిదున్నాయని, వాటిని మదర్ సాస్ అంటారని చెఫ్ చెప్పినప్పుడు, "అమ్మలైదుగురా? నాకు ఇంట్లో ఒక అత్తతోనే సరిపోతాండాది" అని నా చెవిలో గొణిగింది. పాలు, వెన్న, మైదా కలిపి కాచే తెల్ల సాస్‌ను ఆమె చివరి దాకా 'పాలగంజి' అనే పిలిచింది. ఆ పేరు తరగతిలో ఎంతగా పాకిందంటే, ఒకరోజు చెఫ్ కూడా నోరుజారి "పాలగంజి అడుగంటతాండాది సూడు" అన్నాడు.

చెఫ్‌కు ఒక నియమం ఉంది. మా కోటు చేతి జేబులో ఎప్పుడూ రెండు చెంచాలుండాలి. ఏది వండినా దించేముందు రుచి చూడాలి. ఆయన వచ్చి అడిగేది ఒకటే ప్రశ్న.

ఆమ్లెట్ దగ్గర నన్ను అడిగాడు. "టేస్ట్ సేసినావా?"

"సేసినాను చెఫ్."

"ఏం తక్కువయింది?"

నేను నోట్లో పెట్టుకోలేదు. పెట్టుకోనని ఇంట్లో ఒట్టు వేసి వచ్చాను. చెఫ్ వెనకాల అక్క నిలబడి ఉంది. తన చెంచాతో నా పళ్ళెంలోంచి ఒక ముక్క ఎప్పుడు తీసుకుందో తీసుకుంది. బొటనవేలు, చూపుడువేలు చేర్చి చిటికెడు అని చూపించింది.

"ఉప్పు కొంచెం, చెఫ్."

ఆయన రుచి చూశాడు. "కరెక్టే" అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే మా ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. పాఠాలన్నీ నేను తెలుగులో రాసిపెట్టాలి, ఫ్రెంచి పేర్లను కూడా. ఆమె నా వంటలు రుచి చూసి చెప్పాలి. ఆమె నోటితో నేను తినడం, నా కళ్ళతో ఆమె చదవడం. ఏడాదికి పైగా ఇద్దరం కలిసి ఒక మనిషిగా చదువుకున్నాం. ఫీజు మాత్రం రెండు కట్టాం.

ఆమె రుచి చెప్పే తీరు ఏ పుస్తకంలోనూ లేదు. "ఉప్పు ముందొచ్చేసింది, పులుపు ఎనకాల నడుస్తాండాది. రెండూ కలిసి రావాల." "కారం గొంతులో ఉండాది మే, నాలిక మీద లేదు. మిరపకాయ సరిగా ఏగలేదు." "ఈ పులుసు నోట్లో కూసోలేదు, నిలబడే ఉండాది." ఆమె చెప్పిందంతా ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. పేజీకి ఒక పక్క ఆమె మాట, ఇంకో పక్క ఆ సమయంలో నాకు వచ్చిన వాసన, కనిపించిన రంగు. మాంసం ఎప్పుడు మెత్తబడిందో ముక్కుతో తెలియడం మొదలైంది. నూనె అంచులకు తేలే తీరు చూసి మసాలా పచ్చిదో కాదో చెప్పగలిగేదాన్ని. నోరు మూసుకుని ఉంటే మిగతావన్నీ ఎంత బాగా పనిచేస్తాయో అప్పుడే తెలిసింది.

మాంసాహారం పరీక్షలో నాకు మొదటి స్థానం వచ్చింది. చిన్నప్పటి నుంచి ఆదివారం ఆదివారం కోడి తిన్నవాళ్ళందరూ నా వెనకాలే ఉన్నారు. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. "పరీక్షలో ఫస్టు వచ్చినాను" అని మాత్రం చెప్పాను. ఎందులో అని నాయన అడగలేదు. అడగకూడని ప్రశ్నలేవో ఆయనకు బాగా తెలుసు.

దసరా సెలవులకు చిత్తూరు వెళ్ళాను. "ఇన్నాళ్ళు సదివినావు కదా, ఈ పొద్దు చారు నువ్వే పెట్టు" అని అవ్వ వంటింటి గడప మీద నుంచి లేచి నాకు దారి ఇచ్చింది. అది ఎంత పెద్ద గౌరవమో మా ఇంటి వాళ్ళకే తెలుస్తుంది. నేను లోపలికి పోయి నిలబడ్డాను. గొడ్డు ఎముకల నుంచి అద్దంలా తేటగా ఉండే సూప్ ఎలా తియ్యాలో నాకు తెలుసు. మిరియాల చారు ఎలా పెట్టాలో తెలియదు. కాలేజీలో అది పాఠంలో లేదు, అందరికీ ఇంట్లో వచ్చే ఉంటుందని వాళ్ళ నమ్మకం.

ఫోన్‌లో ఒక కొలత దొరికింది. చింతపండు ఇన్ని గ్రాములని ఉంది. తూచడానికి ఏమన్నా ఉందా అని అడిగాను. నాయన చాలా సంతోషంగా అంగటికి పోయి కరెంటు త్రాసు తెచ్చిపెట్టాడు. పాతిక కిలోల బెల్లం దిమ్మెలు తూచే త్రాసు అది. దాని మీద నిమ్మకాయంత చింతపండు పెడితే సున్నా చూపించింది. చివరికి ఉజ్జాయింపుగా వేసి చారు పెట్టాను. అవ్వ ఒక గుక్క తాగి, గిన్నెలోకి చూసి, "జ్వరమొచ్చినోళ్ళకు బాగుంటాది" అంది. అమ్మ మాత్రం రెండుసార్లు పోసుకుంది. నా ముందే పోసుకుంది.

తిరిగి వెళ్ళాక రెండు నెలలకు జరిగింది ఇది. నాయన ఏదో వర్తకుల సమావేశానికి తిరుపతి వచ్చి, నాకు చెప్పకుండా కాలేజీకి వచ్చాడు. మా వంటగదికి ఒక పక్కంతా అద్దం. చూడ్డానికి వచ్చినవాళ్ళకు అంతా కనిపించాలని అలా కట్టారు. ఆ రోజు మా పని కోడిని ముక్కలు చెయ్యడం. మొత్తం కోడిని ముందు పెట్టుకుని, కీళ్ళ దగ్గర కత్తి దించి ఎనిమిది ముక్కలు చెయ్యాలి. నేను తొడ విడదీస్తూ తలెత్తాను. అద్దానికి అవతల నాయన ఉన్నాడు.

చంకలో సంచి, చేతిలో ఒక డబ్బా. మా చూపులు కలిశాయి. నా రెండు చేతులూ కోడి లోపలే ఉన్నాయి. నాయన మెల్లగా వెనక్కి తిరిగి, గోడ మీదున్న నోటీసు బోర్డు చదవడం మొదలుపెట్టాడు. అందులో మా హాజరు పట్టిక, ఎవరిదో పోయిన గొడుగు గురించి ఒక కాగితం తప్ప ఏమీ లేవు. క్లాసు అయ్యేదాకా నాయన వాటిని చదువుతూనే ఉన్నాడు. చెఫ్ బయటికి పోయి పలకరిస్తే కూడా బోర్డు వైపు నుంచి చూపు తిప్పకుండానే నమస్కారం పెట్టాడు. "మీ పాప సెయ్యి చాలా నేర్పైన సెయ్యి" అని చెఫ్ అన్నాడట. "అది వాళ్ళ అవ్వ సెయ్యి" అన్నాడట నాయన. అవ్వ వింటే అంత మాటకు వారం రోజులు ఉపవాసం చేసేది.

నాయన నన్ను పక్క వీధిలో టిఫిన్ హోటల్‌కు తీసుకెళ్ళాడు. ఇద్దరికీ ఇడ్లీ చెప్పాడు. వచ్చాక నా చేతుల వైపు చూసి అడిగాడు.

"సేతులు కడుక్కున్నావా?"

"కడుక్కున్నాను నాయనా."

"సబ్బుతోనా?"

"సబ్బుతోనే."

"తిను మరి."

ఆ విషయం మీద మా మధ్య జరిగిన మాటలు ఇప్పటి వరకు అవే. తనతో తెచ్చిన డబ్బాలో అమ్మ చేసిన నువ్వుల ఉండలున్నాయి. అది బల్ల మీద నా వైపు జరిపి, "మీ స్నేహితులకు గూడా పెట్టు" అని బస్సెక్కి వెళ్ళిపోయాడు. నేను ఆయన కోప్పడతాడని భయపడ్డాను. కోప్పడి ఉంటే బాగుండుననిపించింది. కోప్పడితే నేను కూడా నాలుగు మాటలు చెప్పేదాన్ని, సిద్ధం చేసి పెట్టుకున్నాను కూడా. అవన్నీ అలాగే ఉండిపోయాయి.

ఆఖరి పరీక్ష వచ్చింది. తరగతిని రెండు జట్లు చేశారు, పొద్దున కొందరు, మధ్యాహ్నం కొందరు. నేను పొద్దున, అక్క మధ్యాహ్నం. జట్లు చూసి ఆమె నాకంటే ఎక్కువ కంగారుపడింది. "ఏం సేస్తావు మే?" అంది. "ముక్కు ఉండాది కదక్కా" అన్నాను. మాటల్లో ధైర్యం ఉంది, మనసులో లేదు.

చీటీలు తీశాం. నా చీటీలో రాగి సంగటి, నాటుకోడి పులుసు. ఏడాదిన్నర ఫ్రెంచి పేర్లు బట్టీపట్టినదాని చేతికి సొంత జిల్లా వంట వచ్చింది. మా జిల్లాలో దాన్ని తినని కొద్దిమందిలో నేనొకదాన్ని.

పరీక్ష చేసేందుకు చెన్నై నుంచి ఒకామె వచ్చింది. పెద్ద హోటళ్ళలో పనిచేసి వచ్చిన మనిషి. మాట తక్కువ. నేను ఎర్రగడ్డలు కోశాను, మసాలా వేయించి నూరాను, కోడిని ముక్కలు చేసి వేశాను. నోటుబుక్కులోని పేజీలన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. నూనె అంచుకు తేలింది. వాసన సరిగ్గా అక్క చెప్పినట్టే ఉంది. సంగటి ఉండలు కట్టకుండా దిగింది. పులుసు దించబోతుంటే ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

"టేస్ట్ చేశారా?"

"చేశాను మేడమ్" అన్నాను. ఏడాదిన్నరగా అలవాటైన అబద్ధం కాబట్టి గొంతు కూడా తడబడలేదు.

ఆమె తలూపి పక్క బల్లకు వెళ్ళిపోయింది. తిరిగి చూడలేదు. చెఫ్ గది అవతలి చివర ఉన్నాడు. అద్దానికి అవతల ఎవరూ లేరు. నన్ను బలవంతపెట్టేవాళ్ళు లేరు, అడ్డుకునేవాళ్ళూ లేరు. అబద్ధం చెప్పేశాను, అది చెల్లింది కూడా. అప్పుడు జేబులోంచి చెంచా తీశాను.

ఎందుకు తీశానో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. మార్కుల కోసమైతే కాదు. ఇన్నాళ్ళుగా నేను వండినవేవీ నాకు తెలియవన్న ఆలోచన ఒకటి ఆ క్షణంలో వచ్చింది. ఒక చుక్క పులుసు తీసి నోట్లో పెట్టుకున్నాను.

వాంతి వస్తుందనుకున్నాను. రాలేదు. ఏడుపు వస్తుందనుకున్నాను. అదీ రాలేదు. మొదట వచ్చిన ఆలోచన, "ఉప్పు సాల్లేదు." అది కూడా అక్క గొంతుతోనే వచ్చింది. చిటికెడు ఉప్పు వేసి కలిపి, రెండో చెంచా తీసి మళ్ళీ చూశాను. ఇప్పుడు ఉప్పు, పులుపు కలిసి వస్తున్నాయి. బాగుంది. నన్ను ఇబ్బంది పెట్టింది అదే. బాగుండకపోయి ఉంటే ఏ పేచీ లేకుండా ఇంటికి పోయేదాన్ని.

పరీక్షకు వచ్చినామె రెండుసార్లు తిని, కాగితం మీద ఏదో రాసి, "ఇది నేర్పిన వంటలా లేదు. ఇంట్లో తిని పెరిగినవాళ్ళ వంటలా ఉంది. మీ ఊరు ఏది?" అని అడిగింది. చిత్తూరు అన్నాను. "అదీ సంగతి" అంది. నేను ఏమీ సరిదిద్దలేదు. ఈ విషయంలో నేను మా నాయన కూతుర్నే.

సాయంత్రం బస్టాండులో అక్కకు చెప్పాను. మెచ్చుకుంటుందనుకుంటే మండిపడింది. "ఏడాదిన్నర నేను తిని సెప్పినానే, ఆఖరి దినం తొందరపడితివా? పోనీ, నన్ను గూడా పొద్దున జట్టులోనే ఎయ్యమని ముందే అడగొచ్చు కదా!" అంది. పలమనేరు బస్సు వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. బస్సు ఎక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంతకీ ఉప్పు సరిపోయిండెనా?" అని అరిచింది. రెండోసారి సరిపోయిందని నేనూ అరిచాను. చుట్టుపక్కల వాళ్ళందరూ మా వైపు చూశారు.

ఇంట్లో నెల రోజులు దాచాను. ఒక మధ్యాహ్నం అమ్మ, నేను చేటలో కందిపప్పు ఏరుతుంటే ఉన్నట్టుండి చెప్పేశాను. అమ్మ చెయ్యి ఆగిపోయింది. ముందు వసారా వైపు చూసింది, అవ్వ నిద్రపోతోంది. తర్వాత నా వైపు వంగి చాలా చిన్న గొంతుతో అడిగింది.

"ఎట్లుండింది?"

నేను తిట్లకు సిద్ధపడి ఉన్నాను, ఈ ప్రశ్నకు కాదు.

"మసాలా మనదేనమ్మా. దాని కింద ఇంకోటేదో ఉండాది."

"ఏందది?"

"సెప్పను రాదు."

అమ్మ చేటను ఒకసారి చెరిగింది. "ఇంత సదివి అది సెప్పను రాకుంటే ఎట్ల?" అని మళ్ళీ పప్పు ఏరడం మొదలుపెట్టింది.

చేరేటప్పుడు మాకు ఓడలు, నక్షత్రాల హోటళ్ళు అని చెప్పారు. ఉద్యోగాలిచ్చేందుకు చివరికి వచ్చింది నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలకు భోజనాలు పెట్టే ఒక కాంట్రాక్టరు. నన్ను తీసుకున్నారు. నాయనకు ఫోన్ చేసి చెప్తే నేననుకోనంత సంతోషపడ్డాడు. హోటల్ అన్న మాట పోయి ఫ్యాక్టరీ అన్న మాట వచ్చింది కదా. "మా పాపకు నాయుడుపేటలో ఫ్యాక్టరీ ఉద్యోగం" అని బజారువీధంతా చెప్పుకున్నాడు. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

అక్క తన బేకరీ పెట్టింది. బెంగళూరు రోడ్డు మీద కార్లు ఆగుతున్నాయి. ఫ్రెంచి రొట్టెలు మొదటి రెండు నెలలు చేసి మానేసింది. కోవా నింపిన బన్ను పేరు పోయింది. వారానికోసారి ఫోన్ చేసి అత్త మీద చాడీలు చెప్తుంది. బేకరీలో గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆ అత్తే.

నా తెల్లకోటు ఇప్పుడు క్యాంటీన్‌లో ఉంటుంది. నా కింద ఆరుగురు వంటవాళ్ళు, కాగితం మీద. వాళ్ళందరిలోకీ పెద్దది శ్రీకాళహస్తి వైపు పల్లె నుంచి వచ్చే ఒకామె. ఏ కాలేజీకీ పోలేదు. చేరిన మొదటి రోజు నా మొదటి పని గుడ్లు ఉడికించడం. ఆరు వందలు. వాటిలో ఒక్కటి కూడా పిడికిల్లో నలగలేదు.

చేరిన నెలకు ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ యూనిఫాం వేసుకున్న అమ్మాయి ఒకతె పళ్ళెం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆ రోజు అన్నంలోకి ఊరుబిండి చేశారు, వేయించిన చెనక్కాయ పప్పులు, మిరపకాయలు నూరిన పచ్చడి. "మేడమ్, మీ సేతి ఊరుబిండి అచ్చం మా అమ్మ సేసినట్టే ఉండాది" అంది. ఉద్యోగంలో నాకు దొరికిన మొదటి మెప్పు. చేసింది నేను కాదు, ఆ పెద్దామె. ఆమె నా వెనకాలే బియ్యం కడుగుతోంది. నేను "థాంక్స్" అన్నాను. నీళ్ళ చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

మర్నాడు పొద్దున ఆమె దగ్గరికి పోయి, "అది ఎట్ల సేసేదో నాకు సెప్పమ్మా" అని అడిగాను.

"నువ్వు కాలేజీలో సదివినావు కదా?"

"ఆడ నేర్పలా."

నన్ను తలపై నుంచి కాళ్ళ దాకా చూసింది. "ముందు ఆ కోటు ఇప్పి తగిలించు, మరకలయితాయి" అని చెనక్కాయ పప్పులు నా చేతికిచ్చింది. వేయించాను. నేను వాసన చూసుకుంటూ ఇంకొంచెం, ఇంకొంచెం అనుకునేలోపు అడుగున మాడిపోయాయి. ఆమె బాణలి దించి, వాటిని పారబోసి, ఇంకో రెండు దోసిళ్ళు కొలిచి పోసింది. ఈసారి మంట తనే తగ్గించి, నా పక్కనే నిలబడింది.